దెబ్బ చెప్పుకున్న పిల్లవాడు నష్టపోకూడదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం పెద్దలు నాకు ‘మన బడి - ఆటలు’ అనే అంశం ఇచ్చారు. పాత ముచ్చట్లు చెప్పుకుంటే పొద్దు గుంకుతుంది. దిండికి ఇవతలి దేవరకొండ పల్లెల పిల్లలు, అవతలి కల్వకుర్తి, అచ్చంపేట పల్లెల పిల్లలు ఒకే మొరం గ్రౌండులో సున్నం గీతల మధ్య కబడ్డీ ఆడిన బడి మనది. మోకాళ్ల మీద మచ్చలు లేనివాళ్లు ఈ సభలో తక్కువే ఉంటారు. ‘పండ్లు ఊడినా కూత ఆపలేదు’ అన్నది ఆ రోజుల్లో పెద్ద మెచ్చుకోలు. ఆ మెచ్చుకోలులో ఉన్న ప్రమాదం గురించే ఈ రోజు మాట్లాడతాను. ఇది మన క్రీడా కమిటీ ముందుకు నిజంగా వచ్చిన ప్రశ్న. ఇంకా పూర్తిగా తేలలేదు.

పోయిన ఏడాది మన సంఘం ఉపకార వేతనం పొందుతున్న ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి, మంచి రెయిడర్, మండల స్థాయి మ్యాచ్‌లో కూతకు పోయినప్పుడు చీలమండ పట్టుకి ముందుకు పడ్డాడు. అదే క్షణంలో చైన్‌గా వచ్చిన ఇద్దరిలో ఒకరి మోకాలు కణతకు తగిలింది. లేచాడు. నీళ్లు చల్లారు, సోడా తాగించారు. మళ్లీ ఆడాడు. రెండు రోజులు తలనొప్పి అన్నాడు, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. మూడు వారాలకు వినాయక చవితి పండుగకు ఊళ్లో పెట్టిన టోర్నీలో మళ్లీ తలకు దెబ్బ. ఈసారి తగిలింది చిన్న దెబ్బే. కానీ తాను ఏ వైపు కోర్టులో ఉన్నాడో కాసేపు చెప్పలేకపోయాడు. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. జిల్లా ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీస్తే అంతా మామూలుగా ఉందన్నారు. జోనల్ సెలక్షన్లు నెల రోజుల్లో ఉన్నాయి.

పేరు, ఊరు చెప్పను. ఆ కుటుంబం ఒప్పుకున్నంత వరకే చెప్తున్నాను. వాళ్ల నాయన కమిటీ ముందుకు వచ్చి అన్న మాట ఇది: “సార్, స్కాన్ మంచిగనే వచ్చింది. పిల్లగాడు బువ్వ తింటున్నడు, బడికి పోతున్నడు. ఇంకేం చూడాలె?” ఆ మాటలో మూర్ఖత్వం ఏమీ లేదు. రెండెకరాల మెట్ట, ఎండిన బోరు, దగ్గరి చుట్టాల్లో ఒకతనికి స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం. ఆయనకు ఆ సెలక్షన్ అంటే కొడుకు బతుకు. అబ్బాయి ఇంకా సూటిగా అన్నాడు: “ఈసారి పోతే ఇగ నాకేం లేదు సార్.” పక్కనే ఉన్న వాళ్లమ్మ మాత్రం ఒక మాట చెప్పింది. పిల్లగాడు సాయంత్రం లైటు వేస్తే కళ్లు మూసుకుంటున్నాడని, చెప్పిన పని మరిచిపోతున్నాడని, ఊరికే కోప్పడుతున్నాడని. మా అందరికంటే సరిగ్గా చూసింది ఆ తల్లి.

మిత్రులారా, తలదెబ్బలో రెండు వేరువేరు ప్రమాదాలు ఉన్నాయి. రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే మనం పొరపడుతుంటాం.

మొదటిది, పుర్రె లోపల రక్తస్రావం. ఇది గంటల లెక్క. 1998 ఫిబ్రవరి 20న ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్‌లో మన రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా బ్యాట్స్‌మన్‌కు బాగా దగ్గరగా ఫీల్డింగ్ చేస్తుంటే బంతి తలకు తగిలింది. ఆయన తన కాళ్ల మీద తానే నడిచి బయటికి వెళ్లాడు. కొద్దిసేపటికే స్పృహ పోయింది. 23న చనిపోయాడు. వయసు 38 ఏళ్లు. నడిచి వచ్చాడు కదా అనుకోవడానికి వీల్లేదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. తలనొప్పి పెరుగుతూ పోవడం, మాటిమాటికీ వాంతులు, మగత, ఫిట్స్, ఒక చేయో కాలో బలహీనపడటం, మాట తడబడటం, కంటిపాపలు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉండటం, చెవి నుంచో ముక్కు నుంచో నీళ్లలాంటి ద్రవం కారడం, మెడ బాగా నొప్పి పెట్టడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా సోడాలు వద్దు, 108కి ఫోన్ చేయాలి. మెడ నొప్పి అంటే పిల్లవాడిని లాగి లేపొద్దు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మా చిన్నప్పటిలా ప్రతిదానికీ హైదరాబాద్ దారి పట్టాల్సిన పని లేదు.

రెండోది, డాక్టర్లు కన్‌కషన్ అనేది. మెదడు అదరడం. కుండలో నీళ్లు కుదిపినట్టు, పుర్రె ఒక్కసారిగా ఆగినా తిరిగినా లోపలి మెదడు కుదుపుకు గురవుతుంది. కణాల పని తీరు కొన్ని రోజులో వారాలో గాడి తప్పుతుంది. ఇది మామూలు సీటీ స్కాన్‌లో కనబడదు. స్కాన్ బాగుందంటే రక్తస్రావం లేదని అర్థం. కన్‌కషన్ లేదని కాదు. ఇంకో సంగతి. స్పృహ తప్పితేనే కన్‌కషన్ అనుకుంటాం. ఆటల్లో తగిలే ఇలాంటి దెబ్బల్లో చాలావాటిలో స్పృహ తప్పదు. దిమ్మ తిరగడం, కళ్లు బైర్లు కమ్మడం, తలనొప్పి, వెలుతురు పడకపోవడం, మతిమరుపు, నిద్ర తేడా, చిరాకు. ఆ తల్లి చెప్పినవన్నీ ఈ జాబితాలోవే. హెల్మెట్ కూడా పుర్రె పగలకుండా కాపాడుతుంది కానీ లోపలి కుదుపును పూర్తిగా ఆపలేదు. మన కబడ్డీలో ఆ హెల్మెట్ కూడా లేదు.

మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే కోలుకోవడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. అరుదుగా, ముఖ్యంగా పిల్లల్లో, మెదడు ఒక్కసారిగా ఉబ్బి ప్రాణం పోవచ్చు. కెనడాలో ఒట్టావాకు చెందిన రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ల అమ్మాయి 2013 మే నెలలో అలాగే చనిపోయింది. బడి రగ్బీ జట్టుకు కెప్టెన్. అంతకు ముందు కొద్ది రోజుల్లోనే ఆమె తలకు దెబ్బలు తగిలాయి. తనకు కన్‌కషన్ అయిందేమోనని స్నేహితులకు మెసేజ్‌లు పెట్టింది, ఫోన్‌లో వెతికి చదువుకుంది. అమ్మానాన్నలకు, కోచ్‌కు మాత్రం చెప్పలేదు. తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ దెబ్బ తగిలింది. ఆమె పేరు మీద అంటారియో రాష్ట్రం 2018లో చట్టం చేసింది. అమెరికాలో అంతకంటే ముందే వచ్చింది. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ల జాకరీ లిస్టెడ్ తల నేలకు కొట్టుకున్నా అదే మ్యాచ్‌లో మళ్లీ ఆడి కుప్పకూలాడు. ప్రాణం దక్కింది కానీ మళ్లీ మాట్లాడటానికి, నడవడానికి ఏళ్లు పట్టింది. 2009లో అక్కడ చట్టం వచ్చింది. 2014 నాటికి మొత్తం 50 రాష్ట్రాల్లో అలాంటి చట్టాలు వచ్చాయి. అమెరికా నుంచి వచ్చిన మన మిత్రులు ఏటా పిల్లల బడి ఆటల కోసం సంతకం పెట్టే కన్‌కషన్ కాగితం వెనుక ఉన్న కథ ఇదే. అక్కడి మన పిల్లలకు ఉన్న రక్షణ ఇక్కడి మన పిల్లలకు ఎందుకు ఉండకూడదు?

ఇక అసలు ప్రశ్న. ఆడాలా, వద్దా? ఎవరు చెప్పాలి?

నేను కరెంటు పనివాడిని కాబట్టి నాకు తెలిసిన పద్ధతి చెప్తాను. పల్లెల్లో పెరిగిన మీ అందరికీ ఎల్‌సీ అంటే తెలుసు. లైన్ క్లియర్. లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ తీసుకోవాలి, సప్లై ఆపాలి, అప్పుడే స్తంభం ఎక్కాలి. తీసుకున్న మనిషే పని అయిందని తిరిగి ఇచ్చిన తర్వాతే లైను చార్జ్ చేయాలి. మధ్యలో ‘మడి ఎండిపోతున్నది’ అని రైతులు వచ్చినా, పైనుంచి ఎంత పెద్ద ఫోన్ వచ్చినా సబ్‌స్టేషన్ ఆపరేటర్ స్విచ్ వేయకూడదు. ఎందుకంటే తీగను చూసి అందులో కరెంటు ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ నియమం తప్పినచోట లైన్‌మన్లు చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

పిల్లవాడి తల కూడా అంతే. చూసి చెప్పలేం. కాబట్టి మళ్లీ కోర్టులోకి పంపే మాట ఆ మ్యాచ్ గెలవాలనుకునే కోచ్ చెప్పకూడదు. కోటా కోసం ఎదురుచూసే తండ్రి చెప్పకూడదు. డబ్బులిచ్చిన మనలాంటి సంఘం చెప్పకూడదు. పిల్లవాడు తనంతట తాను అసలే చెప్పకూడదు. పిల్లవాడు ఆడటం వల్ల ఏ లాభమూ లేని మనిషి, అంటే పరీక్షించిన డాక్టరు, కాగితం మీద రాసి ఇవ్వాలి. డాక్టరు రాయనంత వరకు లైను చార్జ్ కాదు.

ఆ కాగితం ఒక్క రోజులో వచ్చేది కాదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో నిపుణులు రాసుకున్న పద్ధతిని మన భాషలో చెప్తాను. దెబ్బ తగిలిన రోజు మళ్లీ ఆట లేదు, అనుమానం ఉన్నా లేదు. మొదటి 24 నుంచి 48 గంటలు ఎక్కువ శ్రమ లేకుండా ఉండాలి, ఫోన్, టీవీ తగ్గించాలి. అలాగని చీకటి గదిలో పడుకోబెట్టాల్సిన పని లేదు. మెల్లగా నడవొచ్చు. ముందు చదువు, తర్వాత ఆట. బడిలో మామూలుగా కూర్చుని పాఠం వినగలగాలి. తర్వాత జాగింగ్. తర్వాత ఒంటరిగా ఫుట్‌వర్క్. తర్వాత పట్టు లేకుండా జట్టుతో ప్రాక్టీస్. డాక్టరు ఒప్పుకుంటేనే పట్టుతో ప్రాక్టీస్. చివర మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. ఏ మెట్టు దగ్గర తలనొప్పి పెరిగినా వెనక్కి రావాలి. పిల్లలు తేరుకోవడానికి నాలుగు వారాల దాకా పట్టవచ్చు.

మరి పూర్తిగా ఎప్పుడు మానేయాలి? ఎన్ని దెబ్బలకు అని అడుగుతారు. అట్లా ఒక అంకె లేదు. గుర్తులు ఉన్నాయి. ప్రతిసారీ కోలుకోవడానికి ముందుకంటే ఎక్కువ రోజులు పడుతుందా? ముందుకంటే చిన్న దెబ్బకే దిమ్మ తిరుగుతుందా? రెండు దెబ్బల మధ్య ఎడం తగ్గుతుందా? మార్కులు, జ్ఞాపకం, స్వభావం మారాయా? స్కాన్‌లో ఎప్పుడైనా రక్తస్రావం కనబడిందా? వీటికి అవును అనే జవాబులు కూడుతున్నకొద్దీ తలకు దెబ్బ తగిలే ఆట నుంచి దూరం జరగాలి. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ విల్ పుకోవ్‌స్కీ మనకు గుర్తుండే ఉంటాడు. 2021 జనవరిలో సిడ్నీలో మన జట్టు మీద మొదటి టెస్టు ఆడి 62 పరుగులు చేశాడు. అదే అతని చివరి టెస్టు కూడా. మాటిమాటికీ కన్‌కషన్లు. వైద్య నిపుణుల సలహా మీద 27 ఏళ్ల వయసులో, 2025లో ఆట మొత్తం మానేశాడు. దేశానికి ఆడినవాడు, అన్ని సౌకర్యాలు ఉన్నవాడు మానేస్తే తెలివి అంటాం. మన ఊరి పిల్లవాడు మానేస్తే పిరికితనం అనొద్దు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట. ఐసీసీ 2019 ఆగస్టులో ఒక నియమం తెచ్చింది. తలకు దెబ్బ తగిలినవాడి బదులు మరొకడు వచ్చి బ్యాటింగ్, బౌలింగ్ రెండూ చేయొచ్చు. 2020 డిసెంబర్‌లో కాన్‌బెర్రాలో జడేజా తలకు బంతి తగిలితే బదులు వచ్చిన చాహల్ మూడు వికెట్లు తీసి మ్యాచ్ గెలిపించాడు. అంతకు ముందు నిజం చెబితే జట్టుకు ఒక మనిషి తక్కువయ్యేవాడు, కాబట్టి దాచుకునేవాళ్లు. నియమం మారాక నిజం చెప్పినందుకు జట్టు నష్టపోవడం లేదు. మనుషులు నీతిమంతులు కావడం కంటే, నిజం చెప్పినవాడికి నష్టం లేకుండా చేయడమే తేలిక. కబడ్డీలో ఎలాగూ ఏడుగురు లోపల ఉంటే మిగతావాళ్లు బయట సిద్ధంగా ఉంటారు. జట్టుకు నష్టం లేదు. నష్టమంతా ఆ ఒక్క పిల్లవాడికే.

ఆ నష్టం ఎవరు పెట్టారు? మన ఉపకార వేతనం కాగితంలో ఒక వాక్యం ఉంది. ‘జట్టులో కొనసాగినంత కాలం’ అని. అది ఎవరూ చెడ్డ ఉద్దేశంతో రాసింది కాదు. కానీ దెబ్బ తగిలిన పిల్లవాడికి ఆ వాక్యం ‘నోరు మూసుకో’ అని వినబడుతుంది. ఆ అబ్బాయి మొదటి దెబ్బ తర్వాత తలనొప్పి మూడో రోజు నుంచి ఎందుకు చెప్పలేదని మా పీఈటీ సార్ అడిగితే, “డబ్బులు ఆగిపోతయనుకున్న సార్” అన్నాడు.

అతని సంగతి చెప్పి ముగింపుకు వస్తాను. డాక్టరు ఆ సీజన్ మొత్తం కబడ్డీ వద్దన్నారు. లక్షణాలు పూర్తిగా తగ్గడానికి ఆరు వారాలు పట్టింది. సెలక్షన్లు పోయాయి. పిల్లవాడు ఏడ్చాడు, నాయన మాతో నెల రోజులు మాట్లాడలేదు. ఇందులో సుఖాంతం ఏమీ లేదు, ఆ అవకాశం నిజంగానే పోయింది. ఇప్పుడు పదో తరగతి. లెక్కలు మళ్లీ మునుపటిలా చేస్తున్నాడని వాళ్ల సార్ అన్నారు. పొద్దున 800 మీటర్లు పరిగెత్తుతున్నాడు, సాయంత్రం చిన్న పిల్లలకు ఫుట్‌వర్క్ నేర్పుతున్నాడు. మళ్లీ కబడ్డీ ఆడాలా వద్దా అన్నది పరీక్షలయ్యాక డాక్టరు, ఆ కుటుంబం కలిసి తేల్చుకుంటారు. ఏది తేలినా మన సాయం ఆగదన్న మాట ఈ సభలో వాళ్లకు చెప్పాలని నా కోరిక.

2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల్లో గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. గ్యాలరీ కూలితే అందరం చూస్తాం. పిల్లవాడి తలలో కూలేది ఎవరికీ కనబడదు. కాబట్టి ఈ స్వర్ణోత్సవ సందర్భంగా మన సంఘం నాలుగు తీర్మానాలు చేయాలని ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి, మన బడి గ్రౌండులో, మన సంఘం టోర్నీల్లో, అబ్బాయిలైనా అమ్మాయిలైనా తలకు దెబ్బ తగిలితే ఆ రోజు ఆట లేదు. ఫైనల్ అయినా లేదు.

రెండు, డాక్టరు రాసి ఇస్తేనే తిరిగి కోర్టులోకి. పరీక్ష ఖర్చు, దారి ఖర్చు సంఘానివి.

మూడు, పీఈటీ సార్ బల్ల మీద ఒక నోటు పుస్తకం. ఏ పిల్లవాడికి ఏ రోజు తలకు దెబ్బ తగిలిందో, ఊరి టోర్నీలో తగిలినా సరే, అందులో రాయాలి. తల్లులు చెప్పినదీ, స్నేహితులు చెప్పినదీ రాయాలి. చెప్పిన స్నేహితుడిని చాడీకోరు అనకూడదు.

నాలుగు, ఉపకార వేతనం కాగితంలో ఆ వాక్యం కొట్టేసి, ‘గాయం వల్ల ఆట మానినా బడి పూర్తయ్యేదాకా కొనసాగుతుంది’ అని రాయాలి. దీనికి అయ్యే అదనపు ఖర్చు మన స్వర్ణోత్సవ భోజనాల ఖర్చు కంటే తక్కువ. ఆ లెక్క కోశాధికారి గారికి ఇచ్చాను.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. బాగా ఆడే పిల్లవాడు ఉన్నట్టుండి బోర్డు మీది అక్షరాలు ఎక్కించుకోలేకపోతే, తరగతిలో తల పట్టుకుని కూర్చుంటే, సోమరితనం అనుకునే ముందు ‘ఆటలో ఏమైనా తగిలిందా బిడ్డా?’ అని ఒక్క మాట అడగండి.

మన బడి మనకు ధైర్యం నేర్పింది. ‘నాకు తల తిరుగుతుంది సార్, నేను బయట కూర్చుంటా’ అని పది మంది ముందు చెప్పడానికి కూడా అంత ధైర్యమే కావాలి. అలా చెప్పిన పిల్లవాడికి చప్పట్లు కొట్టే బడిగా మన బడి ఉండాలని కోరుకుంటున్నాను.